సవరణ: పెదనాన్నకి వచ్చింది మూర్ఛ కాదు

కావలిలో మా పెదనాన్న ఎడమ చెయ్యి దానంతటదే ఎగిరెగిరి పడతా ఉందనీ, అది మూర్ఛేననీ మొన్న రాశాను. తప్పు రాశాను, మన్నించండి. స్కానింగులో మెదడు కుడివైపు లోపల సన్నటి రక్తనాళం పూడిందని తేలింది. కదలికలకు పగ్గం వేసే సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అక్కడే ఉంటుంది. అది దెబ్బతింటే అవతలి వైపు చెయ్యీ కాలూ విసురుకుంటాయి. పేరు హెమిబాలిజం.

ఆయన పూర్తి స్పృహలోనే ఉన్నారు. టీ గ్లాసు అందుకోబోతే చెయ్యి పోయి మంచం పట్టెకు కొట్టుకునేది, మణికట్టంతా కమిలింది. నిద్రపడితే సద్దుమణిగేది. అది చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

షుగరు విపరీతంగా పెరిగినా ఇలా రావచ్చు. నా పోస్టు నమ్మి చేతిలో తాళాలు పెట్టి కూర్చోవద్దు. హఠాత్తుగా మొదలైతే పక్షవాతం కిందే లెక్క, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.