ముళ్లున్నదల్లా కాక్టస్ కాదు సామీ!

ఆదివారం సాయంత్రమైతే చాలు, ఫోన్ తెరవగానే అవే ఫొటోలు. ఖాజాగూడ గుట్టల మీద, మౌలాలి వైపు బండల సందుల్లో, భువనగిరి దారిలో బండి ఆపిన చోట తీసిన జెముడు చెట్లు. కింద ‘వైల్డ్ కాక్టస్, డెక్కన్ డెజర్ట్’ అని రాత. చాలా వాటిలో కాక్టస్ ఉండదు, డెజర్ట్ అసలే ఉండదు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దీన్ని ఎడారి అంటే రాజస్థాన్ వాళ్లు నవ్వుతారు. కాకపోతే మన గుట్టలు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. బండ మీద నీళ్లు నిలవవు, మట్టి బెత్తెడు కూడా ఉండదు. వాన వెలిసిన నాలుగో రోజుకే అక్కడి మొక్కకి కరువు మొదలవుతుంది. అందుకే ఆ రాళ్ల మీద బతికేవన్నీ ఎడారి మొక్కల వేషం కడతాయి.

‘పేరుతో పనేముంది, ఫొటో బాగుంటే చాలదా’ అని కామెంట్లలో అడిగే అన్నలకు ఒక్కటే జవాబు: చాలదు. అది ఏ మొక్కో తెలియకపోతే వెలుతురు ఎటు నుంచి పడాలో తెలియదు. మీ ఫొటోలన్నీ ఒకేలా ఎందుకుంటున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? మూడు రకాల మొక్కల్ని ఒకే కోణంలో, ఒకే ఎండలో తీస్తున్నారు మరి.

ముందు గుర్తుపట్టడం. గుట్టల మీద ఎక్కువగా కనిపించేది బొంతజెముడు. కాడ మూడు రెక్కలుగా ఉంటుంది, రెక్క అంచున ముళ్లు జంటలు జంటలుగా ఉంటాయి. గిల్లితే పాలు కారతాయి (గిల్లకండి, ఎందుకో కింద చెబుతాను). ఇది యుఫోర్బియా అనే పాలుకారే మొక్కల జాతి, అచ్చంగా మన దేశపు మొక్క. ఆకుజెముడుదీ అదే కుటుంబం, దాని కొమ్మలు గుండ్రంగా ఉంటాయి, వానల్లో చివర్న మందపాటి ఆకులు వేస్తుంది. పెన్సిల్ కట్టల్లా ఉండే కాడజెముడు కూడా యుఫోర్బియానే. ఇక అట్ల మీద అట్లు నిలబెట్టినట్టుండేది నాగజెముడు. గుట్టల మీద మనకు కనిపించే వాటిలో నిజమైన కాక్టస్ ఇదొక్కటే, అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. దీని ముళ్లు జంటగా రావు. ఒక చిన్న మెత్త లాంటి చుక్కలోంచి గుత్తిగా వస్తాయి. ఆ మెత్త ఉంటేనే కాక్టస్. పాలు, పూలు ఏవీ చూడక్కర్లేదు, ఆ చుక్క చూస్తే సరిపోతుంది. బ్రహ్మజెముడు అనే పేరు మాత్రం నమ్ముకోకండి. ఒక్కో ఊళ్లో ఒక్కో మొక్కని అలా పిలుస్తారు.

నాగజెముడు ఇక్కడికి ఊరికే రాలేదు. కొచినీల్ అనే పురుగుని పెంచి ఎర్ర రంగు తీయాలని ఈస్టిండియా కంపెనీకి ఆశ. ఆ పురుగు బతికేది ఈ జాతి మొక్కల మీదే. 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకి పురుగుల్ని తెచ్చారు. తీరా చూస్తే అది నాసి రకం, రంగు సరిగా రాలేదు. పైగా అప్పటికి ఇక్కడ పాతుకుపోయిన ఒక రకం ఒపున్షియాని (నాగజెముడు జాతి పేరు అది) చాలా చోట్ల తినేసింది. మనం చూసే నాగజెముడు వేరే రకం, దాన్ని ఆ పురుగు ముట్టలేదు. అది దక్షిణాదిలో పొలాల్లోకి కూడా పాకితే 1926లో సింహళం నుంచి ఇంకో రకం కొచినీల్ తెచ్చి వదలాల్సి వచ్చింది. ఫొటోకీ దీనికీ సంబంధం ఏమిటంటారా? నాగజెముడు మీద దూదిపింజల్లా తెల్లటి మచ్చలు కనిపిస్తే మీరు ఎడిటింగ్‌లో శుభ్రంగా తుడిచేస్తున్నారు. అవి మరకలు కావు, ఆ పురుగులే. రెండు శతాబ్దాల చరిత్రని హీలింగ్ బ్రష్‌తో చెరిపేసి ‘నేచర్ ఫొటోగ్రఫీ’ అనుకుంటే ఎలా?

ఇప్పుడు వెలుతురు. బొంతజెముడు అందం ముళ్లలో లేదు, దాని మూడు పలకల్లో ఉంది. కాబట్టి ఎండ పక్క నుంచి పడాలి. ఒక పలక వెలుగులో, ఒక పలక నీడలో ఉంటేనే ఆకారం తెలుస్తుంది. నాగజెముడుకి ఇది పనికిరాదు. దానికి సూర్యుడు మొక్క వెనక ఉండాలి. అప్పుడు ముళ్ల గుత్తుల చుట్టూ ఉండే నూగు బంగారు అంచులా వెలుగుతుంది. మొక్క వెనక నీడలో ఉన్న బండ వచ్చేలా నిలబడండి. ఆకాశం వచ్చిందా, ఆ అంచు మాయం. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించండి, లేకపోతే ముళ్లు తెల్లగా మాడిపోతాయి. మాడిన ముల్లుని రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచిన ఫొటో) కూడా తిరిగి తేలేదు. లెన్స్ మీద ఎండ నేరుగా పడకుండా హుడ్ పెట్టండి, అది లేకపోతే టోపీ అడ్డం పెట్టినా చాలు.

ఇదంతా సూర్యుడు కిందుగా ఉన్నప్పుడే. జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచేది 6:45 దాటాక, మే చివర్లో 5:40కే. పొడిచాక ముప్పావు గంట, మహా అయితే గంట. టిఫిన్ చేసి తొమ్మిదింటికి గుట్ట ఎక్కేవాళ్లు ఇంకో అరగంట పడుకోవచ్చు, పెద్ద తేడా ఉండదు. ఆలస్యమే అయితే మబ్బు పట్టిన రోజు ఎంచుకోండి. వాన వెలిశాక గ్రానైట్ ముదురు రంగుకి తిరుగుతుంది, దాని ముందు జెముడు పచ్చదనం లేచి వస్తుంది. తడి కాడ మీద మెరుపు ఎక్కువైతే పోలరైజర్ తిప్పి తగ్గించండి. దాంతో ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు పోతుందని మాత్రం లెక్కలో ఉంచుకోండి. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. మన బండల్లో ఉన్న లేత గులాబీ రంగుని కెమెరా తప్పనుకుని బూడిద రంగు చేసేస్తుంది. డేలైట్‌లో పెట్టేసి మరిచిపోండి.

దగ్గరగా తీసేటప్పుడు అందరూ చేసే పొరపాటు లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 2.8 దాకా తెరవడం. ఆ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది. నిజ పరిమాణంలో సగానికి తీస్తే ఎఫ్ 11లోనే స్పష్టంగా వచ్చే లోతు 4 మిల్లీమీటర్లు. ముల్లు పొడవు 3 సెంటీమీటర్లు. కెమెరా వైపే పొడుచుకొచ్చిన ముల్లుని ఒక్క ఫ్రేములో పట్టలేరు. ట్రైపాడ్ మీద ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ 10, 12 ఫ్రేములు తీసి తర్వాత కలపాలి. గాలి ఉంటే ఆ కష్టం వృథా. ఎఫ్ 16 దాటించినా లాభం లేదు, మొత్తం ఫొటో మెత్తబడుతుంది.

ఫోన్‌తో తీసేవాళ్లకి రెండే మాటలు. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. ఆ మసక లెక్కలు వేసి అతికించేది, అది ముళ్లని మధ్యలోనే మింగేస్తుంది. ఇంకోటి, 1ఎక్స్‌లో మొక్క మీద పడిపోయేంత దగ్గరికి వెళ్లకుండా రెండడుగులు వెనక్కి వచ్చి 3ఎక్స్ వాడండి. తెర మీద వేలు కాసేపు నొక్కి ఫోకస్ లాక్ చేసి, సూర్యుడి గుర్తుని కిందికి లాగి చీకటి పెంచండి. ఫోన్ తనంతట తాను వదిలితే ఎదురెండని చదును చేసి ట్యూబులైటు కింద తీసినట్టు ఇస్తుంది.

ఇక గిల్లడం సంగతి. ఫ్రేముకి అడ్డొచ్చిందని కొమ్మ విరిచేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఒక్కోసారి వాళ్ల ఒళ్లే మండుతుంది. యుఫోర్బియా పాలు చర్మం మీద బొబ్బలు లేపుతాయి, కంట్లో పడితే చూపు దాకా వస్తుంది. పాలంటిన చేత్తో వ్యూఫైండర్ దగ్గర కన్ను తుడుచుకుంటే చాలు. అలా జరిగితే మంచినీళ్లతో కనీసం పావుగంట ధారగా కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ‘సాయంత్రం చూద్దాంలే’ అనుకోవద్దు.

నాగజెముడు బాధ ఇంకో రకం. పెద్ద ముల్లు కనిపిస్తుంది, తీసేస్తాం. కనిపించని నూగు ముళ్లే అసలు శత్రువులు, వాటికి వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. రుద్దారంటే విరిగి లోపలే ఉండిపోతాయి. నోటితో లాగడం ఇంకా ఘోరం. గుత్తులుగా ఉన్నవి పట్టకారుతో తీయండి. మిగిలిన చోట ఫెవికాల్ పలచగా పూసి, పైన గాజుగుడ్డ వేసి, పూర్తిగా ఆరాక లాగితే చాలా వరకు వచ్చేస్తాయి. బండ సందులో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి, కట్లపాముకీ రక్తపింజరకీ అవే ఇళ్లు. బండకి పెద్ద తేనెపట్టు వేలాడుతుంటే అటువైపు అసలు పోకండి.

మూడో మొక్క కుందేటికొమ్ములు. ముళ్లుండవు, పాలుండవు, రాళ్ల మధ్య వేళ్లలా పైకి లేస్తుంది. వానలు పడ్డాక పూస్తుంది. పువ్వు చిన్నది, దాని మీద నమూనాలు దగ్గరికి వెళ్తేనే తెలుస్తాయి. కుళ్లిన వాసనకి ఈగలు వస్తాయి, ఆ ఈగతో సహా తీస్తేనే ఆ పువ్వు కథ పూర్తవుతుంది. ఎదురెండ దీనికి అక్కర్లేదు, మబ్బు వెలుతురు లేదా తెల్ల గుడ్డ నీడ చాలు. దయచేసి లొకేషన్ మాత్రం పెట్టొద్దు. కుండీల్లో వింత మొక్కలు పెంచే సరదా ఊరంతా పాకింది. ఫొటోలో గుట్ట పేరు కనిపిస్తే వచ్చే వారానికి అక్కడ గుంట మిగులుతుంది. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం, రసభరితమైన యుఫోర్బియాలు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ జాబితాలో ఉన్నది ఊరికే కాదు.

పిల్లల గ్రాడ్యుయేషన్ కోసం మేలో అరిజోనా వెళ్లే పెద్దలకి ఒక అవకాశం ఉంది. సినిమాల్లో చేతులెత్తి నిలబడే సగువారో కాక్టస్ పూసే కాలం అదే. పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, అంటే మీకు దొరికేది పొద్దున పూట. పూలు చేతుల చివర్న ఉంటాయి, పది మీటర్ల ఎత్తు కూడా ఉండొచ్చు. 300 మిల్లీమీటర్ల లెన్స్ లేకపోతే ఆకారం తీసుకుని సరిపెట్టుకోండి. పక్కన మనిషిని నిలబెట్టండి, లేకపోతే అది కుండీలో మొక్కలా కనిపిస్తుంది. మొదటి చెయ్యి రావడానికే దానికి 50 నుంచి 75 ఏళ్లు పడుతుంది, ఆనుకుని సెల్ఫీ దిగకండి. టూసాన్‌కి తూర్పున, పడమరన రెండు ముక్కలుగా ఉన్న సగువారో నేషనల్ పార్కులో డ్రోన్ ఎగరేయడం నిషిద్ధం. ‘మాకు ఎండ కొత్తా’ అనే ధీమా అక్కడ పనికిరాదు. గాలి పొడిగా ఉండటంతో చెమట పట్టినట్టే తెలియదు, ఒళ్లు మాత్రం ఎండిపోతుంది. మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే దాదాపు 4 లీటర్ల నీళ్లు మోయాలి. జేబులో ఒక దువ్వెన కూడా ఉండాలి. చోయా అనే కాక్టస్ ఉండలు బట్టలకి అంటుకుంటే చేత్తో తీయబోయి చేతికి తగిలించుకుంటారు. దువ్వెన కిందికి దూర్చి ఒక్కసారిగా విసిరేయాలి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని.

అంత దూరం వెళ్లనివాళ్లకి అసలు తమాషా ఇంట్లోనే ఉంది. రాత్రి పదింటికి ఫ్యామిలీ గ్రూపులో ‘మా బ్రహ్మకమలం పూసింది’ అని దండాలతో వచ్చే పువ్వు చూశారా, అదే నిజమైన కాక్టస్! మెక్సికో వైపు నుంచి వచ్చిన ఎపిఫిల్లమ్. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో ఉండే వేరే మొక్క. గుట్ట మీద కాక్టస్ కానిదాన్ని కాక్టస్ అంటాం, డాబా మీదున్న కాక్టస్‌కి దండం పెడతాం.

పెడితే పెట్టారు, ఫ్లాష్ మాత్రం కొట్టకండి, ఆ తెల్ల రేకులు సున్నం గోడలా వస్తాయి. వేలాడే మొగ్గ తల పైకెత్తి, మధ్యాహ్నానికే ఉబ్బిందంటే ఆ రాత్రే విచ్చుకుంటుంది. ఏడున్నరకల్లా ట్రైపాడ్ వేయండి. బటర్ పేపర్ చుట్టిన టార్చిని పువ్వుకి వెనక, ఒక పక్కగా పెట్టండి. ఐఎస్ఓ 400, ఎఫ్ 8, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తక్కువ, ఎందుకంటే చుట్టూ చీకటిని చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది. టైమ్‌లాప్స్ కావాలంటే 30 సెకన్లకి ఒక ఫ్రేము చొప్పున నాలుగు గంటలకి 480 ఫ్రేములు, 20 సెకన్ల వీడియో. డాబా మీద ఫ్యాన్ ఉంటే ఆపేయండి, బ్యాటరీ నిండుగా పెట్టుకోండి.