బిడ్డకు ఎన్నో రోజు? సలహాకు ముందు అడగాల్సిన ప్రశ్న

"బిడ్డ పచ్చగా కనిపిస్తున్నాడు, ఏం చేయమంటారు?" అని ఓ బాలింత తోటి తల్లులను అడిగితే క్షణాల్లో జవాబులు వచ్చిపడతాయి. మావాడికీ అలాగే ఉండేది, వారంలో పోయిందని ఒకరంటారు. పొద్దుటి ఎండలో పడుకోబెట్టమని ఇంకొకరు, వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మరొకరు. ఎవరి అనుభవం వారికి నిజమే. కానీ ఆ బిడ్డ పుట్టి 20 గంటలైందా, 4 రోజులైందా, 20 రోజులైందా అన్నది తెలియకుండా వాటిలో ఏది సరైన జవాబో తేల్చలేం.

దగ్గర దగ్గరగా ఉంటూ, కొద్ది వారాల తేడాలో కాన్పయిన తల్లులు ఒకరికొకరు తోడుగా ఉండటం చాలా విలువైన విషయం. ఆ తోడు ఎక్కడ దారి తప్పుతుందో గమనిస్తే తరచూ ఒకటే కారణం కనిపిస్తుంది. అయిదు నెలల బిడ్డ తల్లి చెప్పిన మాటను అయిదు రోజుల బిడ్డకు వర్తింపజేస్తారు. మొదటి ఆరు వారాల్లో ఒకే లక్షణానికి రోజురోజుకూ అర్థం మారిపోతుంది. అందుకే సలహా చెప్పే ముందు అడగాల్సింది బిడ్డకు ఎన్నో రోజు అని.

కామెర్ల సంగతే తీసుకుందాం. పుట్టిన 24 గంటల్లోపే పచ్చదనం కనిపిస్తే దాన్ని మామూలు అనుకోకూడదు. తల్లీబిడ్డల రక్తం గ్రూపులు పొసగకపోవడం, ఇన్‌ఫెక్షన్ వంటి కారణాలు ఉండొచ్చు. అదే రోజు బిలిరుబిన్ (చర్మాన్ని పచ్చబరిచే పదార్థం) పరీక్ష జరగాలి. రెండో రోజో మూడో రోజో మొదలై, మూడు నుంచి అయిదు రోజుల మధ్య ఎక్కువై, రెండు వారాల్లో తగ్గిపోయేవి వేరు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనూ సగానికి పైగా అవి కనిపిస్తాయి. అయినా అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం పాకితే, బిడ్డ పాలకు లేవకుండా మగతగా ఉంటే ఏ రోజైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇక రెండు వారాలు దాటినా (నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే మూడు వారాలు) పచ్చదనం పోకపోతే మళ్లీ పరీక్ష కావాలి. మలం తెల్లగా పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు ఉందేమో చూడాలి. దానికి చేసే ఆపరేషన్ బిడ్డ పుట్టిన 60 రోజుల్లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. "మావాడికి నెలదాకా ఉంది, ఏం కాలేదు" అన్న ఒక్క మాట ఆ 60 రోజుల్లో ఎన్నింటిని మింగేస్తుందో ఆలోచించాలి.

ఎండలో పడుకోబెట్టడం చికిత్స కాదు. ఎంత కాంతి పడుతోందో లెక్క ఉండదు, బట్టలు విప్పితే బిడ్డ చల్లబడుతుంది, ఎక్కువసేపు ఉంచితే చర్మం కమిలిపోతుంది. ఆసుపత్రిలో వాడే నీలికాంతికి మోతాదు ఉంటుంది, మధ్యలో రక్తపరీక్షతో సరిచూసుకుంటారు. ఫొటో పంపి రంగు చెప్పమనడమూ పనికిరాదు. ఫోను కెమెరా రంగులను తనంతట తానే సరిదిద్దేస్తుంది. పగటి వెలుతురులో చర్మాన్ని వేలితో నొక్కి వదిలి చూడాలి. చామనఛాయ పిల్లల్లో కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు చూడాలి. అలా చూసినా బిలిరుబిన్ ఎంతుందో కంటికి తెలియదు, అనుమానం ఉంటే పరీక్షే దారి.

బాలింతల్లో ఎక్కువగా వినిపించే దిగులు మరొకటుంది, పాలు చాలడం లేదని. ఇక్కడ లెక్కపెట్టి చూసుకోవడాన్ని మించిన ఆధారం లేదు. తల్లిపాలు తాగే బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగాలి. మొదటి రోజు ఒక్కసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు మూత్రం పోసినా చాలు. అయిదారు రోజులు వచ్చేసరికి రోజుకు ఆరుకు తగ్గకూడదు. ఈ కాలపు డైపర్లు తడిని పీల్చేసుకుంటాయి కాబట్టి తడిసిందో లేదో తెలియదు. పొడి డైపర్‌లో మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు, అంటే సుమారు 45 మిల్లీలీటర్లు పోసి చేత్తో బరువు చూసుకుంటే తడిసిన డైపర్ ఎలా ఉంటుందో అర్థమవుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో ఇటుక రంగు మరక కనిపించినా భయం లేదు. నాలుగో రోజు తర్వాతా అదే రంగు కనిపిస్తే బిడ్డకు పాలు అందడం లేదనే అనుకోవాలి.

మలం రంగూ రోజును బట్టే. మొదట నల్లగా, జిగటగా ఉంటుంది. అది 48 గంటల్లోనూ రాకపోతే డాక్టరుకు చెప్పాలి. మూడో రోజుకు ఆకుపచ్చలోకి, అయిదో రోజుకు పసుపులోకి మారుతుంది. ఆరువారాలు దాటిన తల్లిపాల బిడ్డ కొన్ని రోజులపాటు విరేచనం చేయకపోయినా, హాయిగా ఉండి బరువు పెరుగుతుంటే ఫర్వాలేదు. కానీ అయిదో రోజు బిడ్డకు రోజంతా విరేచనం కాకపోతే పాలు సరిగా అందుతున్నాయా అని వెంటనే చూడాలి. "మాదీ నాలుగు రోజులకోసారే వెళ్తుంది" అన్న ఓదార్పు ఇలాంటప్పుడే హాని చేస్తుంది.

బరువు విషయంలో కొంత తగ్గడం సహజం. మూడు కిలోల బిడ్డ తొలి రోజుల్లో రెండొందల గ్రాములు తగ్గితే కంగారు పడక్కర్లేదు. మూడొందలు, అంటే పదో వంతు తగ్గితే పాలు పట్టే తీరును ఎవరైనా తెలిసినవారు కళ్లారా చూసి సరిచేయాలి, బిడ్డను డాక్టరుకు చూపించాలి. రెండు వారాల్లోపు పుట్టినప్పటి బరువుకు చేరాలి. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. తూచేది ఒకే యంత్రం మీద, బట్టలు లేకుండా. పక్కింటి బిడ్డ బరువుతో పోల్చుకోవడం వల్ల తల్లికి బెంగ తప్ప ఇంకేమీ మిగలదు. ఏ తల్లుల బృందమైనా ముందుగా మానుకోవాల్సిన పని ఇదే.

దగ్గర్లో ఉండే తల్లి చేయగల అసలైన సాయం పాలు పట్టేటప్పుడు పక్కన కూర్చోవడం. ఫోన్లో వంద మాటలు చెప్పినా తేలనిది ఒక్కసారి చూస్తే తేలుతుంది. బిడ్డ తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి, పొట్ట తల్లి పొట్టను ఆనుకోవాలి. చనుమొనను బిడ్డ ముక్కు ఎదురుగా ఉంచి, పై పెదవికి తాకించి, నోరు బాగా తెరిచేదాకా ఆగాలి. అప్పుడు రొమ్మును బిడ్డ దగ్గరకు వంచకుండా బిడ్డనే రొమ్ము దగ్గరకు తీసుకురావాలి. సరిగా పట్టుకుంటే గడ్డం రొమ్మును తాకుతుంది, కింది పెదవి బయటకు మడతపడుతుంది, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం పైవైపే ఎక్కువ కనిపిస్తుంది. బుగ్గలు నిండుగా ఉంటాయి, గుటకలు వినిపిస్తాయి. మొదటి కొన్ని క్షణాల తర్వాతా నొప్పి పుడుతుంటే, లేదా వదిలాక చనుమొన నొక్కినట్టు చదునుగా కనిపిస్తే బిడ్డ మొనను మాత్రమే పట్టుకుందన్నమాట. చిటికెన వేలిని నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకు పోనిచ్చి, పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టాలి. లాగితే పుండు పడుతుంది.

మూడు నుంచి అయిదు రోజుల మధ్య పాలు పడి రొమ్ములు రాయిలా గట్టిపడితే బిడ్డ నోటికి అందవు. పట్టే ముందు చేత్తో కొద్దిగా పిండి నల్లటి భాగాన్ని మెత్తబరచాలి, పట్టాక చల్లటి గుడ్డ వేయాలి. ఒకచోట ఎర్రగా కమిలి, జ్వరం వచ్చి, ఒక రోజులో తగ్గకపోతే డాక్టరును కలవాలి. అప్పుడూ ఆ రొమ్ము పాలు ఆపక్కర్లేదు.

రెండు మూడు వారాలప్పుడు, మళ్లీ ఆరో వారంలో కొందరు పిల్లలు సాయంత్రాలు గంటకోసారి పాలకు ఏడుస్తారు. పాలు తగ్గిపోయాయని తల్లి అనుకుంటుంది, ఎవరో డబ్బాపాలు పట్టమంటారు. బిడ్డ చప్పరించడం తగ్గితే పాలు నిజంగానే తగ్గుతాయి. డైపర్ల లెక్క, బరువు సరిగా ఉంటే అది పాలు పెంచుకోవడానికి బిడ్డ చేస్తున్న పనేనని అప్పుడు చెప్పగలిగే మనిషి ఉండాలి.

డబ్బాపాలు నిజంగా అవసరమైన తల్లిని తప్పుచేసినట్టు చూడటం అన్యాయం. ఆమెకు కావాల్సింది సరిగా కలిపే పద్ధతి. పాలపొడి సూక్ష్మక్రిములు లేనిది కాదు, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని నీటితో కలపమంటుంది. మరిగించిన నీటిని అరగంటకు మించి చల్లారనివ్వకూడదు. ముందు నీళ్లు కొలిచి పోయాలి, తర్వాత అదే డబ్బాలోని చెంచాతో తలకొట్టి పొడి వేయాలి. ఒక్కో రకానికి కొలత వేరు కాబట్టి పక్కింటివాళ్ల లెక్క పనికిరాదు. సీసాను చల్లటి నీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. కలిపిన రెండు గంటల్లోపు వాడాలి, బిడ్డ తాగగా మిగిలినవి పారబోయాలి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలచగా కలిపితే బిడ్డ రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఆరు నెలల్లోపు విడిగా నీళ్లు పట్టకూడదనడానికి కూడా ఇదొక కారణం.

బొడ్డు విషయంలో చేయాల్సింది చాలా తక్కువ. పొడిగా ఉంచడం, డైపర్‌ను దాని కిందికి మడవడం. డాక్టరు చెబితే తప్ప ఏమీ రాయొద్దు. చాలామందికి ఒకటి నుంచి రెండు వారాల్లో రాలిపోతుంది. చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము, దుర్వాసన ఉన్నా చూపించాలి. నిద్ర ఎప్పుడూ వెల్లకిలా, గట్టి సమతలమైన పరుపు మీద, దిండ్లూ బొమ్మలూ లేకుండా. ఇందులో ఒకరి అనుభవానికీ ఇంకొకరి అనుభవానికీ బేరం లేదు. పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని 1990లలో ప్రచారం చేసిన దేశాల్లో నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య బాగా పడిపోయింది.

ఇంతకీ తల్లుల బృందాల వల్ల నిజంగా మేలు జరుగుతుందా? జరుగుతుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో మహిళల బృందాలు నెలనెలా కలిసి కాన్పు, పసిబిడ్డల సమస్యలు చర్చించుకుని పరిష్కారాలు వెతుక్కున్న చోట నవజాత శిశు మరణాలు 30 శాతం తక్కువగా నమోదయ్యాయని 2004లో తేలింది. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ చేపట్టిన అధ్యయనం 2010లో 32 శాతం తగ్గుదల చూపింది. అదే ఏడాది బంగ్లాదేశ్‌లో ఇలాంటి ప్రయత్నమే ఫలితం చూపలేకపోయింది. అక్కడ సుమారు 1,400 మంది జనాభాకు ఒక బృందం ఉంది. తర్వాత దాదాపు 300 మందికి ఒకటి చొప్పున పెట్టినప్పుడు మరణాలు గణనీయంగా తగ్గాయి. అంటే దగ్గరితనం అలంకారం కాదు, పని చేసే భాగమే అది. బాలింత నడిచి వెళ్లగలిగినంత దూరంలో, పేరు పెట్టి పిలిచేంత చిన్న బృందం ఉండాలి. వేలమంది ఉన్న చోట ప్రశ్న వేస్తే జవాబులు దొరుకుతాయి, పక్కన కూర్చునే మనిషి దొరకదు.

తల్లి మనసు విషయంలోనూ అంతే. కాన్పయిన మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా కన్నీళ్లు రావడం చాలామందిలో ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోతే అది చికిత్స కావాల్సిన జబ్బు. బిడ్డకో తనకో హాని చేసుకోవాలనే ఆలోచన వచ్చినా, లేని మాటలు వినిపిస్తున్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. కెనడాలో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, కుంగుబాటు ముప్పున్న బాలింతలకు అంతకుముందు అదే దశ దాటిన తల్లులు ఫోన్ చేసి మాట్లాడారు. మూడు నెలల దగ్గర చూస్తే కుంగుబాటు దాదాపు సగానికి తగ్గింది. ఆ తల్లులకు ఇచ్చిన శిక్షణ నాలుగు గంటలే. బిడ్డ ఏడుపు ఆరో వారం ప్రాంతంలో తారస్థాయికి చేరుతుంది. బాలింతకు అలాంటి ఫోను ఎక్కువగా అవసరమయ్యేదీ అప్పుడే. ఏడుపు భరించలేనప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు పక్కగదిలోకి వెళ్లొచ్చని, ఎంత విసుగొచ్చినా బిడ్డను ఊపి కుదపకూడదని ఆమెకు ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి.

మందుల పేర్లు, మోతాదులు మాత్రం తల్లుల మధ్య మాటల్లోకి రాకూడదు. మోతాదు బరువును బట్టి మారుతుంది, ఒకే మందు వేర్వేరు గాఢతల్లో దొరుకుతుంది. పైగా మూడు నెలల్లోపు జ్వరానికి ఇంట్లో మందు వేస్తే అసలు జబ్బు కనపడకుండా పోతుంది. తేనె కూడా ఏడాది నిండేదాకా వద్దు, బాట్యులిజం (క్రిమి విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు) ప్రమాదం ఉంది.

కొన్ని లక్షణాలకు బృందంలో ఎవరు అడిగినా జవాబు ఒక్కటే, బయల్దేరమని. పాలు తాగడం మానేయడం. ఫిట్స్. కదిలిస్తే తప్ప కదలకపోవడం. డొక్కలు ఎగరేయడం. నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీయడం. పసిపిల్లల ఊపిరి ఒక్కోసారి ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పూర్తిగా లెక్కించాలి, ఎక్కువ వస్తే మరోసారి లెక్కించాలి. చంకలో కొలిచిన ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ దాటితే కప్పిన దుప్పట్లు తీసి పావుగంటలో మళ్లీ చూడాలి, తగ్గకపోతే వెళ్లాలి. 38 ఉంటే ఆ పావుగంట కూడా ఆగొద్దు. 35.5 కన్నా తగ్గినా అంతే తొందర, దారిపొడవునా బిడ్డను తల్లి గుండెకు చర్మం ఆనేలా కట్టుకుని పైన కప్పి తీసుకెళ్లాలి. తోడు వెళ్లేవారు ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లాల్సినవి ఇవి: పుట్టిన తేదీ, గంట, బరువు, గత 24 గంటల్లో ఎన్నిసార్లు తాగింది, ఎన్ని డైపర్లు తడిసింది, చివరిసారి పాలు పట్టిన సమయం, తల్లి వాడుతున్న మందులు.