సవరణ: మాంసం తీసేసినంత మాత్రాన ఫో శాకాహారం కాదు

వియత్నాం రాజధాని హనోయి పాతబస్తీలో ఒక కుటుంబం నడిపే చిన్న ఫో (బియ్యపు నూడుల్స్ సూప్) హోటల్ గురించి మొన్న రాసిన పోస్టులో "మాంసం వద్దంటే తీసి ఇస్తారు" అనే వాక్యం ఉంది. అది చదివి శాకాహారులు కొందరు అక్కడికి వెళ్దామనుకుంటున్నారు. దయచేసి ఆగండి.

వాళ్ళు తీసేది పైన పరిచిన ముక్కల్ని మాత్రమే. ఫోకి ప్రాణం అడుగునున్న రసం. అది గొడ్డు ఎముకల్ని గంటల తరబడి సన్నని సెగ మీద మరిగిస్తే వచ్చేది. నిప్పుల మీద నల్లగా కాల్చిన అల్లం, ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క, నల్ల యాలక్కాయ అందులో పడతాయి. చివర్లో చేపల సాస్ కలుపుతారు. చికెన్ ఫో అడిగినా ఆ సాస్ తప్పదు. బీఫ్ తినని మాంసాహారులకు చికెన్ ఫో ఫర్వాలేదు గానీ, రసం విడిగా కాచారో లేదో అడగండి.

శాకాహారులు బోర్డు మీద "చాయ్" అనే మాట ఉన్న హోటల్ వెతుక్కోండి. మన టీ కాదు, శాకాహారమని అర్థం. అక్కడి బౌద్ధులు చాలామంది చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో, అంటే ఇంచుమించు మన అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, మాంసం ముట్టరు. ఆ హోటళ్ళలో రసం కూరగాయలు, పుట్టగొడుగులతో కాస్తారు.

ఇంకొకటి. మొలకలు, తులసి జాతి ఆకులున్న పళ్ళెం పక్కన పెట్టలేదని రాశాను. అది ఆ హోటల్ లోపం కాదు, ఉత్తర వియత్నాం పద్ధతే అంత. ఆ పళ్ళెం దక్షిణాన సైగాన్ (హో చి మిన్ నగరం) వైపు అలవాటు. హనోయిలో వెల్లుల్లి వేసిన వెనిగర్, పచ్చిమిర్చి ముక్కలు ఇస్తారు.