ఆదిమ సంఘంలో లెక్క అడిగినవారు లేరా?

విశాఖపట్నంలో జ్ఞానాపురం మొదలు గాజువాక దాకా విశ్వాసుల వాట్సాప్ గ్రూపులలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతున్నది. ఆదిమ సంఘంలో, అంటే యేసు పంపిన శిష్యులైన అపొస్తలుల కాలపు తొలి క్రైస్తవ సంఘంలో, ఎవరికీ సొంత ఆస్తి లేదట. అందరూ అన్నీ అమ్మి అపొస్తలుల పాదాల వద్ద పెట్టారట. వారిలో తగవులు లేవట. నాయకులను లెక్క అడిగినవారు లేరట. నేడు మనం దాచుకుంటున్నాము, ప్రశ్నిస్తున్నాము కనుకనే ఉజ్జీవం (విశ్వాసంలో కొత్త ఊపు) రావడం లేదని దాని తీర్మానం. చివర, పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకొని పేతురు ఎదుటనే పడి చనిపోయిన అననీయ సప్పీరా దంపతుల గతిని గుర్తుచేసే హెచ్చరిక ఉన్నది. నాకు వచ్చిన ప్రతిలో దాని కిందనే ఒక ఫోన్‌పే నంబరు కూడా ఉన్నది.

ఆస్తి మాట ముందు చూద్దాం. విశ్వాసులు పొలాలు, ఇండ్లు అమ్మి వెల తెచ్చారని బైబిలులో ఆ సంఘ చరిత్ర చెప్పే అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చెబుతున్న మాట నిజమే. కుప్రకు చెందిన లేవీయుడు బర్నబా అలాగే చేశాడు. అయితే ఆ సొమ్మును ఎవరికి అక్కర ఉంటే వారికి పంచిపెట్టారని చెప్పే సగాన్ని సందేశం వదిలేసింది. పైగా అందరూ అన్నీ అమ్ముకోలేదు. 12వ అధ్యాయంలో చెరసాల నుండి బయటపడిన పేతురు వెళ్లి తలుపు తట్టినది మార్కు తల్లి మరియ ఇంటిదే. ఆ ఇల్లు అమ్మివేసి ఉంటే అనేకులు కూడి ప్రార్థన చేయడానికి ఆ రాత్రి అక్కడ చోటే ఉండేది కాదు. ఇక అననీయతో పేతురు అన్నది, పొలం అమ్మకముందు నీదే, అమ్మిన తరువాత సొమ్ము కూడా నీ వశంలోనిదే అని. అతని నేరం కొంత దాచుకోవడం కాదు, దాచుకొని మొత్తం ఇచ్చినట్లు నటించడం. ఆ వృత్తాంతాన్ని ఇవ్వనివారిని బెదిరించడానికి వాడేవారు పేతురు ఆ మాట అన్న 5వ అధ్యాయం 4వ వచనాన్ని దాటవేసినట్లే. 1805లో ఈ ఊరికి వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డి గ్రాంజ్ లేఖనాలను తెలుగు చేయడానికి పూనుకున్నది ఇటువంటి వచనాలను ఎవరికి వారు చదువుకోవాలనే కదా.

తగవులు లేవన్న మాటకు ఎక్కువ జవాబు అక్కరలేదు. మార్కును వెంట తీసుకువెళ్లే విషయంలో పౌలు, బర్నబా తీవ్రంగా వాదించుకొని విడిపోయారు. కొరింథులో ప్రభురాత్రి భోజనం వద్దనే ఒకరు ఆకలితో ఉండగా మరొకరు మత్తులై ఉండేవారు.

లెక్క అడగడం గురించిన మాటే అన్నిటికంటే హానికరమైనది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గ్రీకు భాష మాట్లాడే యూదా విశ్వాసులు, అనుదిన పరిచర్యలో (రోజువారీ పంపిణీలో) తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణిగారు. మన సంఘాలలో ‘సణుగుడు’ అన్న ముద్ర వేస్తే అడిగినవాడి నోరు మూతపడుతుంది. అక్కడ అపొస్తలులు మాత్రం సంఘాన్ని సమకూర్చి, ఆ పని చూడడానికి ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి అన్నారు. ఎన్నికైన స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు మొదలైన ఏడుగురివీ గ్రీకు పేర్లే; అంటే సణిగిన పక్షం వారికే ఆ పని అప్పగించినట్లు కనిపిస్తుంది. యూదుడు కాని శతాధిపతి కొర్నేలీ ఇంట భోజనం చేసినందుకు యెరూషలేము సహోదరులు పేతురునే నిలదీశారు. అతడు, నన్ను అడగడానికి మీరెవరు అనక, తన వెంట వచ్చిన ఆరుగురు సహోదరులను సాక్షులుగా చూపి జరిగినది వరుసగా వివరించాడు. పౌలు యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను ఒంటరిగా పట్టుకుపోలేదు; సంఘాలు ఏర్పరచినవారిని వెంట ఉంచుకున్నాడు, ఆ ధనం విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా జాగ్రత్తపడుతున్నానని 2 కొరింథీయులు 8వ అధ్యాయంలో తానే వ్రాశాడు.

తరువాతి తరాలు కూడా ఈ బాటనే నడిచాయి. రోములో సుమారు క్రీ.శ. 155లో క్రైస్తవ రచయిత జస్టిన్ వ్రాసిన ప్రకారం ఆదివారపు కూడికలో ఇష్టమున్నవారు తోచినంత ఇచ్చేవారు. ఆ సొమ్ము అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు ఖర్చయ్యేది. అంతకుముందే కూర్చబడిన ‘డిడాఖే’ అనే సంఘ నియమావళి మరింత కటువుగా చెప్పింది: తనకు డబ్బు ఇమ్మని ఆత్మవశుడైనట్లు అడిగే ప్రవక్త మాట వినవద్దు, అక్కరలో ఉన్న ఇతరుల కోసం అడిగితే మాత్రం అతనికి తీర్పు తీర్చవద్దు. ఆ ఫోన్‌పే నంబరుకు పంపిన సొమ్ము ఏ విధవరాలికి చేరుతుందో సందేశంలో ఒక్క మాట కూడా లేదు.