ఫ్యాన్‌కు పట్టిన దయ్యం

కర్నూలులో మే నెలలో ఫ్యాన్ ఆగితే ఎవరింట్లోనైనా గొడవే. మా అన్నవాళ్లింట్లో మాత్రం సంక్రాంతి ముందు, కొండారెడ్డి బురుజు కూడా వణికేంత చలిలో, ఫ్యాన్ దానంతట అదే తిరుగుతోందని గొడవ. అన్న మంకీ క్యాప్ పెట్టుకుని రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటాడు, అర్ధరాత్రి మెలకువొచ్చి చూస్తే ఫ్యాన్ ఐదు మీద గిర్రున తిరుగుతుంటుంది, పక్కన వదిన గాఢ నిద్రలో ఉంటుంది. ఆపేసి పడుకుంటాడు. మళ్లీ తిరుగుతుంది.

కరెంటాయన వచ్చి రెగ్యులేటర్ మార్చాడు. దయ్యం పోలేదు. స్విచ్చి మార్చాడు, బోర్డు మొత్తం మార్చాడు, చివరికి గోడలో చెమ్మ ఉంది, పగలగొట్టి వైరింగ్ కొత్తగా వేద్దామన్నాడు. (జనవరిలో, కర్నూలు గోడలో, చెమ్మ! మా అన్న దానికీ తలూపాడు.)

గోడ పగులుతుందనేసరికి వదిన నోరు విప్పింది. "ఫ్యాన్ వేసేది నేనేలే. ఒంట్లోంచి ఒక్కసారిగా ఆవిరి లేస్తాది, జాకెట్టంతా తడిసిపోతాది, కాసేపటికి మళ్లీ మామూలే." మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమంటే, నెలసరి గోల మగాళ్లకు ఎట్లా చెప్పేది, అదీ అత్త ముందర, అంది. 47 ఏళ్ల మనిషి. బోర్డు మారుస్తుంటే కరెంటాయనకు టీ పెట్టిచ్చింది కూడా ఈమే.

ఇక సలహాలు మొదలు. వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగమని పక్కింటామె. గర్భసంచి తీయించేస్తే పీడా పోతుందని ఎదురింటామె, అదేదో పుచ్చిన పన్ను అయినట్టు. ఆ ఆపరేషన్లు దేశంలో బాగా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి, ఎందుకో నాకు అప్పుడర్థమైంది. మా అమ్మయితే "మా కాలంలో ఇవన్నీ యాడివి? ఆగిపోయింది, అంతే. తిరుమలకు పోయేటప్పుడు మాత్రలు మింగే పని తప్పింది" అని తేల్చేసింది. అదే అమ్మ ఒకప్పుడు మంచం వదిలేసి వంటింట్లో బేతంచెర్ల బండల మీద కొన్నేళ్లు పడుకుంది, అడిగితే నడుంనొప్పి అనేది. ఆ మాట గుర్తు చేస్తే "నడుంనొప్పేలే" అని అటు తిరిగి నవ్వుకుంది.

డాక్టరమ్మ దగ్గరికి అన్న కూడా వెళ్లాడు. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గుతుంటే, మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్ కాస్త వేడికే కంగారుపడి చెమటలు పట్టిస్తుందట. నెలసరి వరసగా 12 నెలలు రాకుంటేనే పూర్తిగా ఆగినట్టు లెక్కట, అంతకు ముందు కొన్నేళ్లు ఈ తంతు ఉండొచ్చట, మన దేశంలో చాలామందికి 46, 47 ప్రాంతంలోనే ఆగిపోతుందట. ఆగాక మళ్లీ రక్తం కనపడితే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మంది. అన్న అంతా శ్రద్ధగా విని, "అంటే పోయింది ఈమె రెగ్యులేటర్ అన్నమాట" అన్నాడు. వదిన చూసిన చూపుకు ఆయనకూ చెమటలు పట్టాయి.

ఆ సాయంత్రం కరెంటాయన మిగిలిన డబ్బులకొచ్చాడు. కొత్తగా తెలిసిన సంగతి కదా, అన్న కడుపులో ఆగలేదు, హైపోథాలమస్‌తో సహా మొత్తం వినిపించాడు. వదిన లోపలికి పరుగు. ఆయన డబ్బులు లెక్క కూడా పెట్టుకోకుండా కాసేపు నిలబడి, "అన్నా, ఆ డాక్టరమ్మ యాడ కూచుంటాది? మా ఇంట్లో గూడా మొన్ననే బోర్డు మార్చినా" అన్నాడు.