అటక పరీక్ష

చట్టబద్ధమైన మల్టీ లెవెల్ మార్కెటింగ్‌కీ పిరమిడ్ స్కీముకీ తేడా ఏమిటో తెలుసుకోవాలని ఈ మధ్య చాలా సీరియస్‌గా కష్టపడ్డాను. రెండిట్లోనూ మనం కొందర్ని చేరుస్తాం, వాళ్లు ఇంకొందర్ని చేరుస్తారు; మొదటిదాంట్లో డబ్బు సరుకు అమ్మితే వస్తుందట, రెండోదాంట్లో మనుషుల్ని చేరిస్తే వస్తుందట. ముందు ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లనే అడిగాను. "మాది పిరమిడ్ కాదండీ, అవతలి కంపెనీ వాళ్లది పిరమిడ్" అన్నారు. అవతలి కంపెనీ వాళ్లని అడిగాను. వాళ్లూ అదే అన్నారు. కాబట్టి అవతల అనే చోట తప్ప మన దేశంలో ఎక్కడా పిరమిడ్లు లేవని తేలింది.

ఇంట్లోనే నిపుణుడు ఉండగా బయట తిరగడం దేనికని మా తోడల్లుణ్ణి పట్టుకున్నాను. ఆయన ఇలాంటి మూడు కంపెనీల్లో దాదాపు 'డైమండ్' (పై మెట్టు మీదున్న వాళ్లకి ఇచ్చే బిరుదు) అయినంత పని అయినవాడు. "ఆ మాటకొస్తే మీ ఆఫీసు మాత్రం పిరమిడ్ కాదా అన్నయ్యగారూ? పైన ఒక ఎండీ, ఆయన కింద నలుగురు, అట్టడుగున మీరు" అన్నాడు. చివరి మాట దగ్గర గొంతులో జాలి కూడా పలికింది. నిజమే. కాకపోతే నేను ఉద్యోగంలో చేరినప్పుడు, ఈ కంపెనీల్లో చేరేవాళ్లలా, సరుకుల కిట్టు కొనలేదు. మా ఆఫీసులో ప్యూను కూడా నెలాఖరుకి జీతం పట్టుకెళ్తాడు గానీ ఎదురు కట్టడు.

ఒకసారి నన్ను హోటల్లో మీటింగుకి తీసుకెళ్లాడు. కోటు వేసుకున్న కుర్రాడు బోర్డు మీద గుండ్రాలు గీశాడు. మీరు ఆరుగుర్ని చేర్చండి, వాళ్లు తలా ఆరుగుర్ని చేరుస్తారు, అంతే. నేను పాతకాలం వాణ్ణి, టిష్యూ పేపరు మీద ఎక్కం వేశాను. పదో మెట్టుకే 6 కోట్ల 4 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపితే సుమారు 8 కోట్ల 46 లక్షలు, అదీ ఉయ్యాల్లో పిల్లలతో సహా. పదకొండో మెట్టుకి 36 కోట్లు. పదమూడో మెట్టుకి 1,300 కోట్లు, అంటే భూమ్మీద మనుషులు చాలరు. ఇప్పుడు మనం ఎన్నో మెట్టు మీద ఉన్నామని లేచి అడిగాను. "సార్‌కి నెగెటివ్ మైండ్‌సెట్ ఉంది" అన్నాడు కుర్రాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక చట్టం. 1978లోనే మనీ సర్క్యులేషన్ స్కీములను నిషేధించారు. మనుషుల్ని చేర్చినందుకు డబ్బిస్తానంటే నేరం. నడిపినవాడికి మూడేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మా తోడల్లుడి స్టార్టర్ కిట్టు అంతకంటే ఖరీదు.

2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా మనుషుల ద్వారా నేరుగా అమ్మడం) నియమాలు ఇంకా ముచ్చటైనవి. వాటి ప్రకారం చేరడానికి ఫీజు ఉండకూడదు, సరుకు మోయలేనంత అంటగట్టకూడదు. అన్నిటికంటే నాకు నచ్చింది ఒకటుంది. అమ్మేవాడు మనింటికి రావాలంటే ముందుగా మనల్ని అడిగి, ఐడీ కార్డుతో రావాలి. తానెవరో, ఏ పని మీద వచ్చాడో మనం అడక్కముందే చెప్పాలి. సంక్రాంతికి వచ్చి, గారెలు తిని, చెయ్యి కడుక్కుని, "ఊరికే చూడండి" అంటూ బ్యాగు జిప్పు లాగే మన సనాతన సంప్రదాయం దీంతో కేంద్ర ప్రభుత్వ నియమాల ఉల్లంఘన అయి కూర్చుంది.

అయితే చట్టబద్ధం అనేది రాతి మీద చెక్కిన ముద్ర కాదు. ఈ పద్ధతిలోనే సరుకు అమ్మే అమెరికా కంపెనీ ఆమ్వేనే చూడండి. అది పిరమిడ్ కాదని 1979లో అమెరికాలో వ్యాపార మోసాల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. ఆదాయం గురించి గొప్పలు చెప్పొద్దని మాత్రం మొట్టికాయ వేసింది. అదే కంపెనీ పథకం మన 1978 చట్టం కిందికి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 2014లో ఆ కంపెనీ భారత విభాగం అధిపతిని అరెస్టు చేసి కర్నూలుకి తీసుకొచ్చారు. సముద్రం దాటేసరికి త్రికోణం ఆకారం మారినట్టుంది.

అమెరికా వాళ్లు ఎందుకు వదిలేశారా అని చూస్తే, ఆ కంపెనీ రాసుకున్న నిబంధనలు కొన్ని కనిపించాయి. కొత్త సరుకు తెప్పించాలంటే ముందు తెచ్చిన దాంట్లో 70 శాతం అమ్మేసి ఉండాలి. మిగిలింది తిరిగి ఇస్తే కంపెనీ వెనక్కి తీసుకోవాలి. చదవగానే నాకు జ్ఞానోదయం అయింది. వీళ్లు మా తోడల్లుడి అటక గురించి మాట్లాడుతున్నారు!

ఆ అటక మీద ఏదో విదేశీ పండు రసం సీసాలు నలభై రెండు ఉన్నాయి. పక్కన, మా మరదలు చెప్పిన ప్రకారం, ఎలుకలు కూడా ముట్టని పోషకాహార పొడి డబ్బాలు పంతొమ్మిది. ఇవన్నీ కంపెనీ లెక్కల్లో 'అమ్ముడుపోయినవి'. అమ్మింది మా తోడల్లుడు, కొన్నదీ మా తోడల్లుడే. నెల నెలా పాయింట్లు తగ్గకుండా ఉండాలని తనకి తానే గట్టి కస్టమరుగా నిలిచాడు. పైనున్న డైమండుకి కమీషన్ వెళ్లింది ఈ అటక లోంచే. బయటివాడు ఎవడైనా ఆ రసం రుచి నచ్చి, కమీషన్ ఆశ లేకుండా, అసలు ధర పెట్టి కొనుక్కుని తాగి ఉంటే అది వ్యాపారం. నాకు తెలిసి అలా తాగింది మా మామగారొక్కరే, అదీ ఉచితంగా.

కాబట్టి బ్రోచర్లు, సర్టిఫికెట్లు, ఎండీ గారు మంత్రితో దిగిన ఫోటోలు పక్కన పెట్టి, చేర్పించడానికి వచ్చినవాడి ఇంటికి వెళ్లి స్టూలు వేసుకుని అటక చూడాలని ప్రతిపాదిస్తున్నాను. ఈ పరీక్షను ప్రభుత్వానికి ఉచితంగానే ఇచ్చేద్దామనుకున్నాను.

మొన్న ఆదివారం ఇదంతా మా తోడల్లుడికి వివరించాను. కాఫీ తాగుతూ శ్రద్ధగా విన్నాడు.

"మీరన్నది అక్షరాలా నిజం అన్నయ్యగారూ. అందుకే పాతవన్నీ మానేశాను. ఈ కొత్త కంపెనీలో అసలు సరుకే లేదు, అంతా యాప్‌లోనే. అటకతో పనే లేదు" అన్నాడు.

ఐడీ కార్డు చూపించమన్నాను. అది కూడా యాప్‌లోనే ఉందట. చూడాలంటే ముందు నేను చేరాలట.