వేళ్లను బలవంతంగా సాగదీస్తే గిటార్ పలుకుతుందా?

గిటార్ నేర్చుకునేవారి మధ్య ఒక సలహా విస్తృతంగా ప్రచారంలో ఉంది. రోజూ పది నిమిషాలు ఎడమచేతి వేళ్లను కుడిచేత్తో వెనక్కి వంచి, పక్కలకు లాగితే నెల తిరిగేసరికి అవి సాగుతాయనీ, ఉంగరపు వేలు చూపుడు వేలంత స్వతంత్రంగా కదులుతుందనీ, మధ్యలో నొప్పి పుడితే సాధన ఫలిస్తున్నట్టేననీ, దీనికి స్ప్రింగు గ్రిప్పర్ (పిడికిట్లో పట్టి నొక్కే వ్యాయామ సాధనం) తోడైతే ఎఫ్ బారె కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే స్వరసమూహం) సునాయాసంగా పలుకుతుందనీ దాని సారాంశం. వేళ్లకు సాధన అక్కర్లేదని ఎవరూ అనరు గానీ, ఈ నాలుగు మాటల్లో ఏదీ చెప్పినట్టుగా నిలబడదు.

మొదటిది సాగడం గురించి. పెద్దవారి వేలి ఎముక పొడవు ఎంత లాగినా పెరగదు. వేళ్ల మధ్య ఎడం కొంత పెరగవచ్చు గానీ అది నెమ్మదిగా, వాయిస్తూ ఉండగా వచ్చేది. అసలు కొత్తవారికి వేళ్లు అందకపోవడానికి కారణం చాలాసార్లు చేతిలో కాక, అభ్యాసానికి వారు ఎంచుకున్న చోటులో ఉంటుంది. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు ఉన్న క్లాసికల్ గిటార్‌పై 1వ ఫ్రెట్ (మెడకు అడ్డంగా ఉండే లోహపు మెట్టు) నుంచి 4వ ఫ్రెట్ వరకు దూరం సుమారు 98 మిల్లీమీటర్లు కాగా, 7 నుంచి 10 వరకు 69 మిల్లీమీటర్లు మాత్రమే. అందువల్ల నాలుగు వేళ్లను వరుస ఫ్రెట్లపై ఉంచే 1-2-3-4 అభ్యాసాన్ని 7వ ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి, ప్రతి స్వరమూ శుభ్రంగా పలికిన తరువాతే ఒక్కొక్క ఫ్రెట్ చొప్పున నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) వైపు జరగడం ఉత్తమం. బొటనవేలి స్థానమూ గమనించాలి. అది గిటార్ మెడ పైఅంచు మీదుగా బయటికి వచ్చి ఉంటే అరచెయ్యి మెడకు అతుక్కుపోయి వేళ్లు విచ్చుకోవు. దానిని మెడ వెనుక, మధ్య వేలికి ఎదురుగా దించితే అంతవరకు అందని ఫ్రెట్ అప్పటికప్పుడే అందడం చాలామందికి అనుభవమవుతుంది.

రెండవ మాట ఉంగరపు వేలి స్వాతంత్ర్యం. అరచేతిని బల్లపై బోర్లించి, మధ్య వేలిని మాత్రం కిందికి మడిచి, ఉంగరపు వేలిని ఎత్తి చూడండి: ఎంత ప్రయత్నించినా అది దాదాపు లేవదు. ఇది బలహీనత కాదు. వేళ్లను ఎత్తే ప్రధాన కండరం ముంజేతిలో ఉంటుంది. దాని నుంచి వేళ్లకు వెళ్లే టెండాన్లను (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లను) చేతి వెనుకభాగంలో అడ్డపట్టీలు ఒకదానితో ఒకటి కలుపుతాయి, ఉంగరపు వేలి టెండాన్‌కు ఈ కట్టు రెండు వైపులా ఉంటుంది. వాటిని లాగి తెంపుకోవాలనుకోవడం వివేకం కాదు. అభ్యాసం వల్ల మెరుగయ్యేది మెదడుకు ఆ వేళ్లపై ఉండే అదుపు. మూడు వేళ్లను తీగపై ఆనించి ఉంచి నాలుగవదాన్ని మాత్రమే, అదీ తీగను వదిలేంత ఎత్తుకే, నిదానంగా లేపి దించడం ఆ అదుపును పెంచుతుంది. నాలుగు వేళ్లూ సమానమైతే తప్ప వాద్యం రాదన్న భయమూ అనవసరం. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి ఉంగరపు, చిటికెన వేళ్లు దెబ్బతిన్న జాంగో రైన్‌హార్ట్, మిగిలిన రెండు వేళ్లతోనే ప్రధానంగా సోలోలు వాయించి జాజ్ గిటార్‌లో అగ్రగణ్యుడయ్యాడు. మన వీణలో సైతం మెట్లపై గమకాలు పలికించేది ప్రధానంగా చూపుడు, మధ్య వేళ్లే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నొప్పి గురించిన మాట. తొలివారాల్లో వేలికొనల చర్మం మండడం సహజం, చర్మం గట్టిపడితే అది తగ్గుతుంది. కీళ్లలో, మణికట్టులో, ముంజేతిలో నొప్పి గానీ, వేళ్లలో తిమ్మిరి గానీ వస్తే ఆ క్షణమే ఆపాలి. మరునాటికీ తగ్గకపోతే వైద్యుణ్ణి కలవాలి. మణికట్టును బాగా వంచి ఉంచినప్పుడు అందులోంచి వెళ్లే నరంపై ఒత్తిడి పెరుగుతుంది కనుక, బలవంతపు సాగదీతలో ఆ భంగిమ మరింత హాని చేస్తుంది. స్వరకర్త రాబర్ట్ షూమన్ 1830ల ఆరంభంలో కుడిచేతి వేలు పట్టు తప్పి, పియానో వాదకుడు కావాలన్న ఆశ వదులుకున్నాడు. కారణమేమిటన్నదానిపై పండితుల మధ్య చర్చ ఇంకా ఉన్నా, వేళ్ల సాధనకు ఆయన ఒక యాంత్రిక పరికరాన్ని వాడినట్టు ఆధారాలు ఉన్నాయి. అంతటి పట్టుదల ఉన్నవారికే ఈ దారి ప్రమాదం ఎక్కువ అని నా అభిప్రాయం.

ఇక గ్రిప్పర్. అది అన్ని వేళ్లనూ ఒక్కసారిగా ముడుస్తుంది, అంటే వేళ్లను విడివిడిగా కదిలించడానికి సరిగ్గా వ్యతిరేకమైన పని నేర్పుతుంది. ఎఫ్ బారె పలకనప్పుడు ముందు గిటార్‌ను అనుమానించాలి. ఒక తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టి, 1వ ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూడండి: అది వెంట్రుకవాసి ఉంటే చాలు. అంతకంటే స్పష్టంగా కనిపిస్తే నట్ గాళ్లు ఎత్తుగా ఉన్నట్టు. అటువంటి గిటార్‌పై 1వ ఫ్రెట్ దగ్గర బారె పట్టడానికి ఎంత బలమున్నా చాలదు. గ్రిప్పర్ కొనడానికి బదులు గిటార్లు బాగుచేసేవారి దగ్గర ఆ గాళ్లను సవరింపజేసుకోవచ్చు.